పదహారు గజాల లోతున

ట్రాక్టర్ వెనక్కి వస్తుంటే అంజిలయ్య చెయ్యెత్తి ఆపాడు. ట్రాలీ పైకి లేచింది. ఎర్రమట్టి బావిలోకి జారి, లోపలెక్కడో నీళ్లను తాకి చప్పుడు చేసింది. ఒడ్డున చెదిరిన మట్టిని ఆయన పారతో లోపలికి తోశాడు.

అరవై ఎనిమిదేళ్ల మనిషి. పొట్టి, వెడల్పాటి భుజాలు, కుడి బొటనవేలికి గోరు లేదు. ఇబ్రహీంపట్నం నుంచి మంచాల దాకా ఎన్నో బావులు తవ్వాడు. బోర్లు వచ్చాక ఆ పని పోయింది. ఇప్పుడు పొలాలు ప్లాట్లవుతుంటే పాత బావులు పూడ్చడానికి పిలుస్తున్నారు. ఈ బావి ఆయన తవ్విందే. ఆ సంగతి ఇక్కడెవరికీ తెలియదు.

మధ్యాహ్నం సద్ది తింటుండగా వెంచర్ సూపర్‌వైజర్ కిరణ్ కుమార్ ఫోన్ పట్టుకొచ్చాడు.

"తాతా, సాయంత్రం ఆరింటికి మనోళ్ల మిషిన్ చంద్రుని మీద దిగుతది. చూస్తవా?"

"ఏమున్నదంట ఆడ?"

"నీళ్లు. గడ్డకట్టి ఉన్నయంట. రేపు మనుషులు గూడ పోయి తవ్వుకుంటరట."

మల్లా అనే ట్రాక్టర్ డ్రైవర్ నవ్వాడు. "మా వాడకట్టుల నల్లా సక్కగ రాదు. గన్ని కోట్లు వెట్టి ఆడ దేవులాడుడెందుకు?"

అంజిలయ్య చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది.

నలభై రెండేళ్ల కిందట ఇక్కడ భార్య ఎంకమ్మ తట్టలు మోసేది. తమ్ముడు బాలేష్ బండలో మందుగుండు తూటలు పెట్టి పేల్చేవాడు. పది గజాలు దిగినా చెమ్మ లేదు. వచ్చిపోయేవాళ్లు తొంగిచూసి నవ్వేవాళ్లు. పన్నెండో గజంలో, పేలకుండా మిగిలిన తూట ఒకటి బాలేష్ గడ్డపార తగిలి పేలింది. వాడికి పంతొమ్మిదేళ్లు. కర్మకాండ అయిన మర్నాడు ఎంకమ్మే ముందు తట్ట ఎత్తింది. "ఆపితే పిలగాడు ఉత్తగనే పోయినట్లయితది" అంది. పదహారో గజంలో ఊట చిమ్మింది. ఎంకమ్మ దోసిలి పట్టి తాగి, అక్కడే కూలబడి ఏడ్చింది. ఆ నీళ్లతో ముప్పై ఏళ్లు వరి పండింది.

"మమ్ముల గూడ గట్లనే అడిగిన్రు, ఎందుకు తవ్వుతున్నరని," అన్నాడు అంజిలయ్య. "నా తమ్ముడు ఈ బాయిలనే పోయిండు."

మల్లా తినడం ఆపాడు. "మరి ఫాయిద అయ్యిందా, తాతా?"

"నీళ్లు పడ్డనాడు అయ్యిందనుకున్న. ఇయ్యాల మట్టి పోస్తుంటే... ఏమో, బిడ్డా." కిరణ్ వైపు తిరిగాడు. "ఆడ మనుషులను దింపితే మాత్రం పైలం. ఎన్ని తూటలు వెట్టిన్రో అన్ని పేలినయా, లెక్క చూసుకొని దిగుమను."



ఆరింటికి ముగ్గురూ ఫోన్ మీదికి వంగారు. మిషిన్ దిగింది. మల్లా ఈల వేశాడు. అంజిలయ్య మట్టి చేతులతో చప్పట్లు కొట్టాడు. తర్వాత ఒక ఖాళీ సీసా తీసుకుని, మిగిలిన మెట్ల మీదుగా మెల్లగా బావిలోకి దిగి, నీళ్లు పట్టుకుని పైకొచ్చాడు.

"బురద నీళ్లెందుకు, తాతా?"

"ఇంటికి తీస్కపోత. మిగిలిన మట్టి రేపు పోద్దాం."

ఇంతలో బస్సు హారన్ వినిపించింది. సీసా హద్దురాయి పక్కన పెట్టి చెప్పులు తొడుక్కుని, దాన్ని మరిచి గబగబా రోడ్డు వైపు నడిచాడు.

మర్నాడు ఆయన రాలేదు. పదింటికి కోడలు శోభ ఫోన్ చేసింది. "మామ నిద్రలనే పోయిండు, సారూ."

కిరణ్ చాలాసేపు బావి ఒడ్డున నిలబడ్డాడు. తర్వాత మల్లాకు చెయ్యూపాడు. మధ్యాహ్నానికి బావి నేలతో సమమైంది.

ప్లాటు హద్దురాయి పక్కన సీసా అట్లాగే ఉంది. మట్టి అడుగుకు చేరి, పైన నీళ్లు తేటపడ్డాయి.