డ్రిల్లు మాస్టారి తెల్లపొడి

పొద్దున్నే పిల్లలు వరసల్లో నిలబడి చేతులు చాచి, దించి, మళ్లీ చాచేవాళ్లు. డ్రిల్లు మాస్టారు తిడుతూ వరసల మధ్య తిరిగేవాడు. తిట్టినప్పుడల్లా ఆయన నోట్లోంచి తెల్లటి పొడి రాలేది. ఎండ పడితే చుక్కల్ని దంచి చల్లినట్టు మెరిసేది. ఇళ్లకెళ్లాక తల్లులు యూనిఫాంలు దులిపి, "ఇవాళ తిట్లు గట్టిగానే పడ్డట్టున్నాయే," అనేవాళ్లు.

ఆ పొడి కలిపితే నీళ్లు చల్లబడతాయని కనిపెట్టింది కొత్త కెమిస్ట్రీ టీచరు. ఆమెది ఏడాది ఉద్యోగం, ఉంచుతారో పంపుతారో ఇంకా తేలలేదు. గదిలో పిల్లలు ఆవలిస్తున్నారని పాఠాన్ని గ్రౌండుకి తెచ్చేసింది. రెండు రౌండ్లు పరిగెత్తించి, నుదుటి చెమటని నీలం లిట్మస్ కాగితానికి అద్దించేది. ఒక బంతిని ఎండలో, ఇంకోదాన్ని పొడి కలిపిన బకెట్లో ఉంచి, రెండింటినీ ఒకే ఎత్తు నుంచి వదిలించేది. చల్లబడ్డ బంతి మోకాలి దాకా కూడా లేచేది కాదు. "రబ్బరుకి ఏమైందో మీరే చెప్పండి," అనేది.

డ్రిల్లు మాస్టారికి ఒళ్లు మండింది.

"నా గ్రౌండులో ఈ బకెట్లేంటి టీచరమ్మా? పిల్లలకి స్నానాలు పోస్తున్నారా?"

"మీరు రాల్చిందే వాడుకుంటున్నాం సార్."

పిల్లలు కిసుక్కుమన్నారు. వాళ్లలో ఆయన కూతురూ ఉంది. "ఇంట్లో ఇంకా ఉంది టీచర్. మా అమ్మ మంచం కిందకి తోసేస్తూ ఉంటుంది," అంది. మర్నాడు ఒక సంచి నింపుకొచ్చింది కూడా.

ఆయన నేరుగా హెడ్‌మిస్ట్రెస్ గదికెళ్లాడు. "ఆవిడైనా ఉండాలి, నేనైనా ఉండాలి."

పోరు పడలేక హెడ్‌మిస్ట్రెస్ పందెం పెట్టింది. పిల్లల్ని రెండు జట్లు చేసి, శుక్రవారం పది రౌండ్లు, ఆయన జట్టుకీ ఈమె జట్టుకీ. ఓడినవాళ్లు గ్రౌండు వదలాలి. టీచరు ఓడితే ఉద్యోగం కూడా వదలాలి.

నీళ్లు తాగితే కాళ్లు బరువెక్కుతాయని మాస్టారి నమ్మకం. పరుగు అయ్యేదాకా తన పిల్లల్ని చుక్క ముట్టనిచ్చేవాడు కాదు, తనూ ముట్టేవాడు కాదు. టీచరు పిల్లలు మాత్రం రౌండు రౌండుకీ ఆగి, ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లు తాగారు. అలా ఆగి ఆగి వెనకబడ్డారు. మాస్టారు మండుటెండలో తన పిల్లల పక్కనే పరిగెడుతూ తిట్టాడు. ట్రాక్ పొడవునా తెల్లటి చార పడింది.

ఎనిమిదో రౌండులో తిట్టు సగంలో ఆగిపోయింది. మాస్టారు కూలిపోయాడు. ఒంటి మీద చెమట చుక్క లేదు, ముట్టుకుంటే నిప్పు.

టీచరు ఒక్క క్షణం కదల్లేదు. ఆ ఒక్క క్షణమే ఆమెని తర్వాత చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. ఆ వెంటనే, "ఆయన్ని నీడకి లాగండి. బకెట్లు పట్రండి," అంటూ పరిగెత్తింది.

రెండు జట్లూ పరుగు మానేసి ట్రాక్ మీది పొడిని దోసిళ్లతో ఎత్తాయి. నీళ్లలో కలిపి, గుడ్డలు ముంచి, ఆయన మెడకీ చంకలకీ తొడలకీ చుట్టారు. కూతురు ఇంటి నుంచి తెచ్చిన సంచంతా కుమ్మరించింది. "నాన్నా, కళ్లు తెరువు," అంటూనే ఉంది.

ఆసుపత్రి బండి వచ్చేసరికి తెరిచాడు.

హెడ్‌మిస్ట్రెస్ గొంతు సవరించుకుంది. "ఆగేసరికి మాస్టారి జట్టే ముందుంది. మాటంటే మాటే. టీచరుగారు సామాను సర్దుకోవచ్చు."

స్ట్రెచర్ మీంచి ఒక చెయ్యి లేచింది.

"రేపట్నుంచి నేను నోరు మూసుకుంటానా? ఆ రాలే పొడంతా ఎవరెత్తుతారు?"

"ఎవరో ఒకరు ఊడుస్తారు లెండి."

"పారబోస్తారు," అన్నాడు మాస్టారు. "ఈవిణ్ణే ఉంచండి."

హెడ్‌మిస్ట్రెస్ సరేనంది.

బండి ఎక్కిస్తుంటే ఆయన టీచరు వైపు తల తిప్పాడు. "మీ పిల్లలు చచ్చినా గెలిచేవాళ్లు కాదు," అని గొణిగాడు.

పెదవి చివర చిటికెడు పొడి మెరిసింది. అది రాలేలోపు టీచరు కింద రుమాలు పట్టింది.