ఎనభై రెండు డిగ్రీల తలుపు

నేను ఒక ఇత్తడి తలుపును. నన్ను తయారుచేసినవారు పెట్టిన పేరు థర్మోస్టాట్. అరచేతిలో ఇమిడే దేహం నాది. నడుమ ఒక చిన్న గిన్నె, గిన్నెలో మైనం, మైనంలో దిగిన ఒక కడ్డీ, అన్నిటినీ పట్టి ఉంచే ఒక స్ప్రింగు. కారు ఇంజన్‌కూ రేడియేటర్‌కూ మధ్య నీళ్ళు వెళ్ళే దారిలో నన్ను కూర్చోబెడతారు. ఇంజన్ చల్లగా ఉన్నంతసేపు ఆ దారి మూసి ఉంచుతాను. నీళ్ళు ఎనభై రెండు డిగ్రీలకు కాగితే మైనం ఉబ్బి కడ్డీని తోస్తుంది, అప్పుడు తెరుచుకుంటాను. ఆ అంకెను నా అంచు మీద చెక్కి పంపారు. మనుషుల్లో చాలామందికి తాము ఏ వేడి దగ్గర తెరుచుకుంటారో, ఏ వేడి దగ్గర విరిగిపోతారో తెలియదు. ఆ ఒక్క విషయంలో నేను అదృష్టవంతురాలిని.

మంచు కురిసే ఒక పరదేశపు ఊళ్ళో పుట్టాను. అక్కడే నన్ను ఒక ఎర్రని రెండు తలుపుల కారులో బిగించారు. గాలీ పెట్రోలూ కలిపే కార్బ్యురేటర్లు రెండింటితో, నేలకు ఆనుకున్నట్టుండే ఆకారంతో, పరుగు కోసమే పుట్టిన కారు అది. ఓడల మీద ఇంజనీరుగా పనిచేసే ఒకాయన ముచ్చటపడి దాన్ని విశాఖపట్నం రేవుకు తెచ్చుకున్నాడు. తరవాత ఆయన మళ్ళీ సముద్రం మీదికి వెళ్ళిపోయాడు. కారు టార్పాలిన్ కింద ఉప్పుగాలికి తుప్పు పడుతూ, అడిగినవాళ్ళు లేక నిలబడింది.

అడిగినవాడు చిదంబరం. ఓడలు కట్టే కర్మాగారంలో డ్రాఫ్ట్స్‌మన్. ఇంజనీర్లు ఊహించిన ఓడలను నల్లసిరాతో శుభ్రంగా గీసిపెట్టడం ఆయన పని. ఏళ్ళ తరబడి గీసినా, తనదని చెప్పుకోదగ్గ గీత ఒక్కటీ గీయలేదు. అలాంటి మనిషి ఆ కారును చూసి స్కూటరు అమ్మేశాడు. ఆయన భార్య వసుంధర ఒక ఆసుపత్రిలో హెడ్ నర్సు. కారు ఇంటికి వచ్చిన రోజు ఆమె చుట్టూ తిరిగి చూసి అడిగిన ప్రశ్న ఒక్కటే.

"ఈ వెనక సీటు ఎందుకు పెట్టారండీ? ఎవరు పడతారని?"

"కొబ్బరికాయలు పడతాయి వసూ."

"అయితే కాయల్నే ఊరేగించండి. నేను ముందు కూర్చుంటాను."

అన్నట్టుగానే ముందు సీటు ఆమెది అయింది. జీతం మీద బతికే ఇంట్లో అలాంటి కారును నిలబెట్టడం ఎలా సాధ్యమైందో చెప్పాలి. విదేశీ సామాను కొనగలిగే స్థోమత లేదు కాబట్టి ప్రతి భాగానికీ ఇక్కడే ఒక చుట్టాన్ని వెతికేవారు. బ్రేకు రబ్బర్లు ఒక వ్యానువి. క్లచ్ ప్లేటుకు కొత్త పట్టీలు ఇక్కడే రివెట్లు కొట్టించి వేయించారు. ఆయిల్ కారే చోట్లకు బెండు షీటును సుత్తితో అంచు వెంట తట్టి కత్తిరించి అతుకుల మధ్య పెట్టేవారు. తలుపు కీళ్ళ కింద సందు పూడ్చడానికి ఆసుపత్రిలో పారేసిన ఎక్స్‌రే ఫిల్ములు పనికొచ్చాయి. ఎవరివో పక్కటెముకలు ఈనాటికీ ఎడమ తలుపును మోస్తున్నాయి. అద్దం కడిగే నీళ్ళ గొట్టం సెలైన్ ట్యూబు. ఈ పనులన్నీ కంచరపాలెం దగ్గర ఒక రేకుల షెడ్డులో జరిగేవి. షెడ్డు యజమాని పోలినాయుడు మంచి చెయ్యి ఉన్న మెకానిక్, చిదంబరానికి స్నేహితుడు.

ఆదివారాలు భార్యాభర్తలిద్దరూ అనంతగిరి ఘాటు ఎక్కేవారు. వంపు తిరగగానే చిదంబరం రెండో గేరులోకి దించి తొక్కితే, రెండు కార్బ్యురేటర్లూ ఒక్కసారి గొంతు విప్పేవి. అప్పుడు వసుంధర నవ్వేది. వార్డులో గానీ వంటింట్లో గానీ వినబడని నవ్వు అది. ఆ నవ్వు కోసం చిదంబరం వారమంతా పరాయి గీతలు గీసేవాడు. ఆ శబ్దమే నవ్విస్తోందని ఆయన నమ్మాడు. నేనూ నమ్మాను.

ఒక మండువేసవిలో శృంగవరపుకోట దాటగానే బానెట్ కింద నుంచి ఆవిరి లేచింది. వేడి చూపే సూది ఎర్రగీత దాటింది. లారీ వెనక తాడు కట్టించుకుని షెడ్డుకు చేరాం. పోలినాయుడు ముందు ఫ్యాన్ బెల్టు చూశాడు. వదులై, లోపలివైపు నున్నబడి జారిపోతోంది. దాన్ని మార్చాడు. తరవాత నా మీద చెయ్యి వేశాడు.

"ఇది మన ఎండలకి సేసింది కాదు బాబూ. సలి దేశం సామాను. ఇది అడ్డం కూకుంటే నీళ్ళెలా పోతాయి? పీకేత్తే పీడా పోద్ది."

"ఏమీ కాదా నాయుడూ?"

"ఏటవుద్ది? నాను తీసిన బండ్లు ఈ ఊరి నిండా తిరుగుతున్నాయి."

చిదంబరం తల ఊపాడు. రెండు మరలు విప్పి నన్ను బయటికి తీశారు. ఇక్కడ ఒక విషయం గమనించమని పాఠకులను కోరుతున్నాను. ఆ రోజు రెండు మార్పులు ఒకేసారి చేశారు. కారును చల్లబరిచింది కొత్త బెల్టు. ఘనత మాత్రం నన్ను తీసేసినందుకు దక్కింది. ఒక్కొక్కటిగా చేసి చూసే ఓపిక ఉంటే నా కథ ఇక్కడే వేరే దారి పట్టేది.

చిదంబరం ఏ పరదేశపు భాగాన్నీ పారేసేవాడు కాదు. నన్ను ఒక గుడ్డలో చుట్టి డాష్‌బోర్డు అరలో పెట్టాడు. నా చోటికి నాలుగు మూరల దూరం కూడా లేదు. ఆ అరలోంచే, నేను కాపాడవలసిన ఇంజన్ ఎలా చెడుతూ వచ్చిందో వింటూ ఉండిపోయాను.

తలుపు లేని ఇంజన్‌లో నీళ్ళు మొదటి నిమిషం నుంచే రేడియేటర్‌కు పరిగెడతాయి. ఇంజన్ వేడెక్కదు. చల్లని సిలిండర్లో పెట్రోలు పూర్తిగా ఆవిరి కాదు. ఆవిరి కాని పెట్రోలు గోడల మీది ఆయిల్‌ను కడుగుతూ కిందికి జారి, అడుగున ఉన్న ఆయిల్‌ను పలుచన చేస్తుంది. పలుచని ఆయిల్ పిస్టన్ చుట్టూ ఉండే రింగులను కాపాడదు. రింగులు గోడను గీకుతాయి. గోడ అరిగితే ఆయిల్ పైకెక్కి కాలి నీలం పొగ అవుతుంది. అడుగుకు అడుగు తప్పక పడే వరస ఇది.

చిదంబరానికి మాత్రం సూది అడుగున పడి ఉండటం గర్వకారణం. ఎవరు కారెక్కినా దాన్నే చూపించేవాడు. "చూడండి, కుండలో నీళ్ళలా ఉంది." ప్లగ్గులు నల్లబడితే పెట్రోలు కల్తీ అన్నారు. పెట్రోలు ఎక్కువ తాగితే కార్బ్యురేటర్ విప్పి బిగించారు. చివరికి పొగ వచ్చింది. "ఇంజన్ బోరుకొచ్చింది బాబూ," అన్నాడు పోలినాయుడు. సిలిండర్ల లోపలి గోడలను లేత్ షాపులో కోయించి, సరిపోయే లావు పిస్టన్లు వేరే బండివి వెతికి వేశారు. కొన్నాళ్ళకు మళ్ళీ పొగ. మళ్ళీ కోయించారు. ఈసారి లేత్ షాపు ఆయన వేలితో గోడ తడిమి, ఇంకొకసారి కోస్తే వెనక నీళ్ళు కనిపిస్తాయని చెప్పి పంపాడు.

ఆ రోజు ఇంటికి వెళ్ళే దారిలో వసుంధర మెల్లగా మాట్లాడింది.

"నాకు సెలవు దొరికేదే ఆదివారం. అది కాస్తా షెడ్డులో పోతోంది. మళ్ళీ ఇంజన్ విప్పాల్సి వస్తే బండిని పాత ఇనుము కింద తూకానికి వేసేద్దామండీ. మాటివ్వండి."

చిదంబరం చాలా దూరం నడిపాక మాట ఇచ్చాడు.

డిసెంబరులో మళ్ళీ ఘాటు ఎక్కాం. పొగమంచు. వసుంధర కాళ్ళు కొంకర్లు పోతుంటే హీటర్ మీట లాగింది. చల్లగాలి వచ్చింది.

"కొండ ఎక్కుతోంది, ఇంత రొప్పుతోంది. మరి ఈ వేడి అంతా ఎక్కడికి పోతోందండీ?"

"అదే దీని గొప్ప. సూది చూడు, లేవనే లేదు."

"జ్వరం ఒక్కటే జబ్బా? ఒళ్ళు చల్లబడి వచ్చిన మనిషిని చూసి మేము సంతోషించం. పరిగెడతాం."

అద్దం మీది మంచు తుడవడానికి గుడ్డ కావాలని ఆమె అర తెరిచింది. గుడ్డ లాగింది. నేను ఆమె ఒడిలో పడ్డాను.

"ఇదేంటి?"

ఆయన చెప్పాడు. ఆమె నన్ను వెలుతురుకు పట్టుకుని అంచు మీది అంకె చదివింది.

"తీసేముందు ఇది పనిచేస్తోందో లేదో చూశారా?"

"లేదు."

"పరీక్ష చెయ్యకుండానే కోసి తీసేశారన్నమాట."

వంపు దగ్గర టీ కొట్టు ఉంది. కారు ఆపించి వసుంధర నేరుగా పొయ్యి దగ్గరికి నడిచింది. కొట్టు నడిపే మనిషి కంగారుపడింది.

"ఏటమ్మా అది? నా గిన్నెలో ఏసేత్తారేటి?"

"నీ టీలో వెయ్యనులే అమ్మా. పాత గిన్నెలో కాసిని నీళ్ళు మరిగించు."

"మంత్రమేటైనానా?"

"వైద్యం."

గిన్నె అడుగున పడుకుని పైకి చూశాను. నీళ్ళ మీద మూడు మొహాలు వంగి ఉన్నాయి. ఏళ్ళ తరబడి నన్ను ఎవరూ వేడి చేయలేదు. మైనం ఇంకా బతికే ఉందో లేదో నాకే తెలియదు. మొదట ఏమీ జరగలేదు. తరవాత లోపల ఏదో మెత్తబడింది, ఉబ్బింది. కడ్డీ కదిలింది. చిన్న సందు. ఇంకొంచెం. పూర్తిగా తెరుచుకున్నాను.

"అమ్మో, నోరు తెరిసింది!" అంది కొట్టు మనిషి.

చిదంబరం బల్ల మీద ఒలికిన టీలో వేలు ముంచాడు. ముందు పొగ గీశాడు. దాని వెనక అరిగిన గోడ, దాని వెనక పలుచని ఆయిల్, దాని వెనక ఆవిరి కాని పెట్రోలు, అన్నిటికీ వెనక ఒక ఖాళీ వృత్తం. నేను ఉండవలసిన చోటు. ఎడమ నుంచి కుడికి ఇతరుల ఓడలు గీసిన చెయ్యి ఆ రోజు కుడి నుంచి ఎడమకు వెళ్ళింది. అది ఆయన సొంత గీత.

"పొగ మళ్ళీ వస్తోంది కదండీ," అంది వసుంధర.

"నువ్వు చూశావా?"

"మీరు అద్దంలో చూడటం చూశాను."

మర్నాడు షెడ్డులో పోలినాయుడు నన్ను చేతిలో తిప్పి చూశాడు.

"మా గురువు తీసేవోడు బాబూ. ఆయన గురువూ తీసేవోడే. రేవు లారీల్లో ఉప్పునీళ్ళు పోసేవోరంట, ఇవి తుప్పట్టి మూసుకుపోయేవంట. అప్పుడు తీత్తే బతికేవి. మనకి ఉప్పునీళ్ళెక్కడివి? నానెప్పుడూ అడగలేదు." తరవాత స్పానర్ అందుకున్నాడు. "నాను తీసిందే గదా. నానే పెడతాను. కాగితే మాత్రం నన్నననొద్దు."

ఇంజన్ స్టార్ట్ చేశారు. సూది అడుగు వదిలి పైకి లేవడం మొదలుపెట్టింది. అన్నేళ్ళుగా అది చూడని అంకెలు దాటుతుంటే పోలినాయుడు రేడియేటర్ మీద అరచెయ్యి పెట్టి నిలబడ్డాడు. చిదంబరం తాళం చెవిని పట్టుకున్నాడు, ఆపేయడానికి సిద్ధంగా. నీళ్ళు నన్ను చుట్టుముట్టాయి. తెరిచాను. సూది నడుమకు చేరి ఆగిపోయింది.

"నిలబడిపోనాది," అన్నాడు పోలినాయుడు గొంతు తగ్గించి. తరవాత ప్లగ్గులు తీసి సిలిండర్ల ఒత్తిడి చూశాడు. ఆయన మొహం మళ్ళీ మారింది. "ఇక అరగడం తగ్గుద్ది. అరిగింది మాత్రం తిరిగి రాదు బాబూ. పొగ పోవాలంటే విప్పాల్సిందే."

చిదంబరం బానెట్ దించాడు.

"మాటిచ్చాను నాయుడూ. పాత సామాను కొనేవాళ్ళను పిలువు."

"నేనన్నది విప్పాల్సి వస్తే అని," అంది వసుంధర. "విప్పకండి."

"ఇప్పకపోతే పొగ పోదు సిస్టరమ్మా."

"పోనక్కర్లేదు. నయం కానివాళ్ళు నా వార్డులో ఉన్నారు. వాళ్ళను తూకానికి వెయ్యం కదా. ఒళ్ళు వెచ్చగా ఉంచుతాం, పరిగెత్తించం. ఉన్నన్నాళ్ళు చూసుకుంటాం."

చిదంబరం కారు పక్కకు నడిచాడు. ఎక్స్‌రే ఫిల్ముల మీద నిలబడిన తలుపును తెరిచి పట్టుకున్నాడు.

అప్పటినుంచి మా ఆదివారాలు మారాయి. తాళం తిప్పగానే బయలుదేరం. ఇంజన్ వెచ్చబడేదాకా ఇంటి ముందు నిలబడి ఉంటాం. వసుంధర సూదిని చూస్తూ, "ఇంకా తెరుచుకోలేదు, ఆగండి," అంటుంది. ఘాటు మీద రెండో గేరులో గొంతు విప్పించడం మానేశారు. గోడలు ఎంత పలుచనయ్యాయో నాకు తెలుసు; నీళ్ళ వైపు నుంచి వాటిని చూసేది నేనే. ఏదో ఒక వంపు దగ్గర ఈ ప్రయాణం ముగుస్తుంది. అది వాళ్ళిద్దరికీ కూడా తెలుసు.

మొన్న అలాగే నెమ్మదిగా ఎక్కుతుంటే వెనక ఒక లారీ హారన్ మీద హారన్ కొట్టింది. మమ్మల్ని దాటుతూ క్లీనరు కిటికీలోంచి వంగి చూశాడు.

"రేసు కారేటి అక్కా ఇది? నడిసి ఎల్లినా బేగి ఎల్దురు!"

వసుంధర నవ్వింది. అదే నవ్వు. వంపు తిరిగేదాకా ఆగలేదు. చిదంబరం కార్బ్యురేటర్ల వైపు చెవి పెట్టాడు. అవి పలకనైనా లేదు. గేరు దించకుండా అలాగే నెమ్మదిగా నడిపాడు.

ఆ నవ్వుకు కారణం శబ్దమని ఇన్నాళ్ళూ అనుకున్నాం. కాదని తేలింది. అసలు కారణం ఏమిటో నాకు తెలియదు. అది తెలిసేదాకా ఆ ఆదివారాల్లోంచి దేన్నీ తీసేయకూడదని మాత్రం తెలుసు.

నీళ్ళు ఎనభై రెండుకు చేరాయి. తెరుచుకున్నాను.