కాటాలో పాప

పాపను తూచే ముందు ఉయ్యాల గుడ్డను విడిగా తూచి పక్కన పెట్టాను. గోనె బరువు తీసెయ్యకుండా మిర్చి తూకం చెప్పే కొట్టు కాదు మాది. తిరువూరు బజారులో మా పచారీ కొట్టుకు వచ్చేవాళ్ళకు మా ఆయన కోదండరామయ్య తెలుసు, మా అత్తయ్య మాణిక్యమ్మ తెలుసు. చింతపండు గింజ తీసేదీ, ధనియాల్లో రాళ్ళు ఏరేదీ, పొట్లాలు కట్టేదీ పరమేశ్వరి అనే నేనని తెలియదు. నాకు మూర్ఛ ఉందని అసలే తెలియనివ్వరు. పెళ్ళయిన రెండో ఏడు నూనె డబ్బాల మధ్య పడ్డాను. అప్పటినుంచి రోజుకొక మాత్ర. నాలుగేళ్ళుగా మళ్ళీ పడలేదు.

రెండో నెల నిండేసరికి పాప పగలంతా మత్తుగా పడుకోవడం మొదలుపెట్టింది. "నీ మాత్ర పాలల్లోకి దిగుతోందే, పిల్లకు విషం పడుతున్నావు" అన్నారు అత్తయ్య. "నాలుగేళ్ళుగా రాలేదుగా, ఇంకా ఎందుకు? మానెయ్" అన్నారాయన. దొంగ రావడం లేదు కాబట్టి కొట్టుకు తాళం తీసేద్దాం అన్నట్టుంది.

డాక్టరమ్మ జ్ఞానమణి గారు ఏమీ దాచలేదు. "కొంచెం పాలల్లోకి వెళ్తుందమ్మా. కొందరు పిల్లలు మగతగా ఉంటారు, చాలామందికి ఏమీ కాదు. నువ్వు మాత్రం ఒక్క పూట కూడా మానొద్దు. పాపను ఎత్తుకుని ఉండగా పడితే?"

"మరి మా పాప ఏ రకమో ఎట్లా తెలుస్తుందండీ?"

"గట్టిగా పీలుస్తోందా, లేపితే లేస్తోందా, బరువు పెరుగుతోందా చూడు. తేడాగా ఉంటే వెంటనే తీసుకురా."

తూకమా! నాకు అంతకంటే బాగా వచ్చిన విద్య ఏముంది?

శుక్రవారం శుక్రవారం తూచాను. "బిడ్డను కాటాలో వేస్తారటే, దిష్టి కాదూ?" అని అత్తయ్య. "లక్ష్మి కూర్చుందనుకోండి" అన్నాను. మొదటి వారం నాలుగు కిలోలు. రెండో వారం యాభై గ్రాములే పెరిగింది. "చూశావా, నీ మాత్రే" అన్నారాయన. నాకూ అదే అనుమానం వచ్చింది. కానీ మర్నాడు కొట్టుకు సెలవు, పాప రోజంతా నా దగ్గరే ఉంది. ఆ రోజు పాప తెల్లారినప్పటినుంచి కాళ్ళు కొట్టింది, కేరింతలు కొట్టింది, రొమ్ము వదలకుండా తాగింది. ఆ రోజూ నేను మాత్ర వేసుకున్నాను. కొట్టుకు సెలవు ఉంది, మాత్రకు లేదు కదా! మరి మత్తుకు సెలవు ఎవరిచ్చారు?

మర్నాడు పనిలో ఉండగా గసాల డబ్బా తీశాను. అమ్మినదానికంటే ఎక్కువే తరిగింది. చేతిలో పని వదిలేసి వెనకింట్లోకి వెళ్ళాను. అత్తయ్య ఒళ్ళో పాప, చేతిలో ఉగ్గుగిన్నె, పక్కన కల్వంలో తెల్లగా నూరిన ముద్ద.

"గసాల పాలా అత్తయ్యా?"

ఆమె తడబడలేదు. "కాస్త పోస్తే పడుకుంటుంది. లేకపోతే నువ్వు కొట్టులో ఎట్లా కూర్చుంటావు? నీకోసమేగా."

కోపం రావాల్సింది. ముందు వేరే ప్రశ్న వచ్చింది. "ఈయన పసివాడిగా ఉన్నప్పుడు, మీరు కొట్టులో కూర్చోవడానికి ఎవరు పోశారు?"

"మా అత్తగారు." ఉగ్గుగిన్నె కింద పెట్టేశారు.

అప్పుడే పాపను డాక్టరమ్మకు చూపించాను. చూసి, గసాలు ఇంక చుక్క కూడా పొయ్యొద్దన్నారు. మాత్ర మానలేదు, పాలు మానలేదు. తర్వాతి శుక్రవారం కాటాలో రెండు వందల గ్రాములు ఎక్కువ వేస్తేగాని ముల్లు నిలబడలేదు.

ఆయన గుమ్మంలోంచి పిలిచారు. "రెడ్డిగూడెం నుంచి మిర్చి బస్తాలు వచ్చాయి. పిల్లను పడుకోబెట్టి రా."

ఆయన చూస్తుండగానే మాత్ర నోట్లో వేసుకుని నీళ్ళు తాగాను. పాపను రొమ్ముకు అందించాను.

"పాప మేలుకునే ఉందండీ. ఈసారి కొట్టే ఆగాలి."