ఆఠీను ఏడు

వీరవెంకటరమణ మాస్టారు పేకాటలో ఓడిపోగా చూసినవాళ్ళు అమలాపురంలో లేరు. ఉండరు కూడా, ఆయన ఇంకొకరింటికి వెళ్ళి ఆడితే కదా! ఆదివారం భోజనాలయ్యాక సొంత హాల్లో చాప పరిచి, భార్య సత్యవతి, కోడలు మాధురి, పక్కింటి సుభాష్‌లతో రమ్మీ వేస్తారు. షో చెప్పిన మరుక్షణం తన ముక్కలు పేకలో కలిపేస్తారు. లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఆయన లెక్క సరిచూసే ధైర్యం ఎవరికుంది?

ముప్పై రెండేళ్ళుగా ఓడేది సత్యవతే. "పదమూడు ముక్కలు సర్దుకోవడం రాదు దీనికి" అని ఆయన చుట్టాలందరి దగ్గరా నవ్వుతూ చెప్పగా చెప్పగా, అది నిజమేనని ఆవిడా నమ్మేసింది.

ఈమధ్య ఆవిడకి ఒక కోరిక పుట్టింది. బండారులంక నేత చీరలు తెచ్చి వీధిగదిలో కొట్టు పెట్టాలని. మాస్టారు పకపకా నవ్వి, "ముందు నా మీద ఒక్కాట నెగ్గవే. అప్పుడు వీధిగది నీదే" అన్నారు.

ఇవాళ మాధురీ, సుభాషూ మొదట్లోనే డ్రాప్ అయిపోయారు. మొగుడూ పెళ్ళాలే మిగిలారు. మాస్టారు ఆఠీను ఎనిమిది ఎత్తుకోవడం సత్యవతి కనిపెట్టింది. రెండు పేకలు కలిపిన ఆట, ఆఠీను ఏడులు రెండే ఉంటాయి. రెండూ తన చేతిలోనే ఉన్నాయి. తనకి పనికిరాకపోయినా, ఆయనకి అందకూడదని వదలకుండా పట్టుకు కూర్చుంది.

"షో!" మాస్టారు ముక్కలు పరిచారు. "ఆఠీను ఆరు, ఏడు, ఎనిమిది, జోకరు లేకుండా ఒరిజినల్ సీక్వెన్సు. మిగతావీ అయిపోయేయి."

ఆయన చెయ్యి ముక్కల్ని ఊడ్చేలోపు సత్యవతి అరచెయ్యి వాటి మీద పడింది.

"ఏంటే ఇది? చెయ్యి తియ్యి."

"తియ్యనండి. చూడాలండి."

"పోనిద్దురూ పిన్నిగారూ, ఇంట్లో ఆటే కదండీ" అన్నాడు సుభాష్ ఇబ్బందిగా.

ఆవిడ వినిపించుకోలేదు. ఏడుని బయటికి లాగింది. అది డైమను. దాని పక్కన తన రెండు ఆఠీను ఏడులూ పెట్టింది.

"రాంగ్ షో అండీ మావయ్యగారూ. ఆట అత్తయ్యగారిదే" అంది మాధురి.

మాస్టారు డైమను ముక్కని కళ్ళ దగ్గర పెట్టుకు చూశారు. "రెండూ ఎరుపే కదా, కళ్ళు మోసం చేసేయి."

"కళ్ళు మోసం చేస్తే, కలిపెయ్యడానికంత కంగారెందుకండీ? ఇలా ఎన్ని ఆటలు గెలిచేరు?"

"ఏదో సరదాకి చేసేనే."

సత్యవతికి ఒళ్ళు మండిపోయింది. ఓడినందుకు కాదు, ఆయన మాట నమ్మినందుకు. "మీ సరదాకి నేను ముప్పై రెండేళ్ళు తెలివితక్కువదాన్నయ్యేనండి."

మాస్టారు గొంతు సవరించుకుని, దానం చేస్తున్నట్టు చెయ్యి ఊపారు. "సరేలే, నెగ్గేవుగా. వీధిగది తీసుకో."

"నెగ్గి తీసుకోడానికి అది పరాయివాళ్ళ గదా అండీ? మన గదిని మీరు పందెం కాయడం తప్పు. నేను ఒప్పుకోడం ఇంకా తప్పు. ఇవాళ ఓడిపోయున్నా కొట్టు పెట్టేదాన్నండి, ఆయ్."

ఎన్నడూ ఆయన చేతిలోంచి జారని పేకని తన వైపు లాక్కుని కలపసాగింది. "ఇంక ముక్కలు నేను పంచుతాను. షో చెప్పేక, అందరం చూసేదాకా ఎవరూ ముట్టుకోకూడదండి. ఇష్టమైతే కూర్చోండి."

మాస్టారు విసురుగా లేవబోయారు. ఎవరూ ఆపలేదు. మళ్ళీ కూర్చున్నారు.