మిస్డ్ కాల్ కొంగలు

దశరథరామయ్య పొద్దున్నే లేచి చేసే పనులు మూడు. వేపపుల్ల నమలడం, చేపల చెరువు చుట్టూ ఒకసారి తిరిగి రావడం, ఎవరో ఒకరిని తిట్టడం. మొదటి రెండూ టిఫిన్ వేళకి అయిపోయేవి. మూడోది పొద్దుగూకేదాకా సాగేది. తెనాలికి దిగువన కాలువ గట్టునే ఆయన ఇల్లు, ఇంటి వెనక చెరువు. నీటి సంఘం అధ్యక్షుడు కాబట్టి కాలువ షట్టరు తాళంచెవి మొలతాడుకి కట్టుకుని తిరిగేవాడు.

ఆ ఏడు కార్తీకం ముందు వానలు మొహం చాటేశాయి. కాలువలో నీళ్లు సగానికి దిగాయి. వంతు ప్రకారం మూడు రోజులు ఎగువకి, మూడు రోజులు దిగువకి వదలాలి. దిగువన రేపల్లె తట్టు చేలన్నీ పొట్ట మీదున్నాయి. పదిరోజుల్లో ఒక్క తడి పడకపోతే గింజ పాలు పోసుకోదు, పంటంతా తాలు. దశరథరామయ్యకి ఆ సంగతి తెలియక కాదు. బాపట్ల నుంచి లారీలో తెప్పించిన చేపపిల్లల్ని అప్పుడే చెరువులో వదిలాడు మరి. పట్టపగలు, నలుగురూ చూస్తుండగా, షట్టరు దించి తాళం వేసి నీళ్లన్నీ తన తూములోకి తిప్పుకున్నాడు.

దిగువవాళ్లు అర్జీలు పెట్టారు. ట్రాక్టరెక్కి వచ్చి గుమ్మం ముందు నిలబడ్డారు. "వానలు పడకపోతే నా తప్పా? పొండి" అని ఆయన కుక్కని వదిలాడు.

ఆ తర్వాత వాళ్లు రాలేదు. ఫోన్లు మొదలుపెట్టారు. లైఫ్‌టైమ్ సిమ్ములు వచ్చిన కొత్త రోజులవి. అందరి చేతుల్లోనూ సెల్లుండేది, అందులో బ్యాలెన్స్ మాత్రం ఉండేది కాదు. ఒక్క రింగిచ్చి పెట్టేస్తే అవతలి మనిషి తిరిగి చేయాలి, అదీ మర్యాద. అందుకే మిస్డ్ కాల్ మొగుడికిస్తారు, కొడుక్కిస్తారు, మేనమామకిస్తారు. తిరిగి చేస్తాడన్న నమ్మకం ఉన్నవాడికే ఇస్తారు. ముక్కూమొహం తెలియని జనం తనకి మిస్డ్ కాలివ్వడంతో దశరథరామయ్యకి ఒళ్లు మండిపోయింది.

"నేను వీళ్లకి తిరిగి చేయాలా? నేనేమన్నా వీళ్ల మేనమామనా?" అన్నాడు.

ఎవరు మొదలుపెట్టారో గానీ ఆయన నంబరు ఎస్సెమ్మెస్‌లో ఊరూరా పాకింది. 'ఈ నంబరుకి ఒక్క రింగివ్వండి. అందరూ ఇవ్వండి' అని. ఆయన తిరిగి చేయని ఒక్కో కాల్‌కీ ఒక్కో తెల్లకొంగ వచ్చి వాలేది. మొదటిది వంటింటి గోడ మీద వాలింది. తర్వాతవన్నీ చెరువు గట్టెక్కాయి. మూడోనాటికి గట్టు కనపడకుండా పోయింది.

"ఇది ఇప్పుడే దిగిందండి. కొత్త నంబరు లాగుంది" అనేవాడు షట్టర్లు ఎత్తీ దించే లస్కరు బర్నబాసు.

కొంగ అన్నాక గట్టున ఊరికే కూర్చోదు కదా. చేపపిల్లలు రోజురోజుకీ తగ్గిపోయాయి. దశరథరామయ్య టపాకాయలు కాల్చాడు, డబ్బాలు కొట్టించాడు, వల కప్పించాడు. ఫోను కట్టేసి కూడా చూశాడు. కొంగలు కదల్లేదు, చేపల బేరగాడు మాత్రం ఫోను కలవక వేరే చెరువు చూసుకున్నాడు.

"తిరిగి చేస్తే పోతాయండి. మా బావకి నేను మిస్డ్ కాలిస్తే వాలిన కొంగ అలాగే పోయింది" అన్నాడు బర్నబాసు.

ఆరో రోజున ఆయన కోపం పట్టలేక ఒక నంబరుకి తిరిగి చేశాడు. తిట్టడానికే. అవతల ఆడగొంతు పలికింది.

"ఎవరే నువ్వు?"

"పున్నమ్మనండి. రేపల్లె కాడ ఎకరం కౌలు చేస్తానండి."

"కౌలుదానివి, నీకు సెల్‌ఫోనొకటా? మీ దుంప తెగ, నా చెరువు గుల్ల చేశారు కదే" అంటూ ఊపిరి ఆడనంతసేపు తిట్టాడు. పున్నమ్మ అడ్డు రాలేదు.

"అయిందాండి? చేను ఇంకో నాలుగు రోజులే ఆగుద్దండి" అంది చివరికి.

గట్టు మీద ఒక కొంగ లేచి రేపల్లె వైపు ఎగిరిపోయింది.

తిట్టినా కొంగ పోతుందని తెలిశాక ఆయనకి ప్రాణం లేచొచ్చింది. గట్టున కుర్చీ వేయించుకుని వరసగా ఫోన్లు చేశాడు, వరసగా తిట్టాడు. ఒక్కొక్కటే లేచిపోయాయి. రెండో రోజుకి గొంతు బొంగురుపోయింది. తిట్లు కూడా నిండుకున్నాయి. మధ్యలో ఎవడినో "ఏం రకం వేశావురా?" అని అడిగేశాడు. అవతలివాడు చెప్పాడు. "అది గాలికి పడిపోతుంది కదరా వెధవా" అన్నాడు. ఎంతైనా రైతు. అయినా షట్టరు మాత్రం ఎత్తలేదు. మొండితనంలో ఆయన్ని మించినవాడు ఆ కాలువ పొడుగునా లేడు.

ఎనిమిదో రోజు పొద్దున్నకి ఒకే ఒక్క కొంగ మిగిలింది. వంటింటి గోడ మీద మొదట వాలినది. ఫోనులో మిస్డ్ కాల్స్ వరసలో అన్నిటికన్నా కింద ఉన్న నంబరుకి చేశాడు. ఫోను వంటింట్లో మోగింది.

రాఘవమ్మ చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. నిరుడు తిరుపతి జనంలో తప్పిపోతుందని ఆయనే భార్యకి కొనిచ్చిన ఫోనది. నంబరు మాత్రం తన ఫోనులో దాచుకోలేదు. ఆవిడ పది అడుగుల దూరంలో నిలబడి ఫోను చెవి దగ్గర పెట్టుకుంది.

"చెప్పండి" అంది.

ఆయన కూడా ఫోను దించలేదు. "నువ్వా?"

"మొదటిది నేనేనండి. నంబరు పంచిందీ నేనే."

"నీకేం వచ్చిందే?"

"నా ఎకరం ఎండిపోతోందండి. మా అమ్మ పసుపుకుంకాల కిందిచ్చింది. పున్నమ్మ చేస్తున్నది అదే."

నలభై ఏళ్ల కాపురంలో ఆవిడ నోట 'నా' అన్న మాట ఆయన వినడం అదే మొదలు.

"ఒకే కొంపలో ఉండి ఫోనేంటే? నోటితో చెప్పలేవా?"

"చెప్పానండి. మూడుసార్లు. మూడోసారి చెప్పినప్పుడు మీరు కుక్క గొలుసు విప్పుతున్నారు."

మిగతా కొంగలన్నీ తిరిగి చేయగానే లేచాయి. ఇది లేవలేదు. రాఘవమ్మ ఫోను పట్టుకునే ఉంది, కొంగ గోడ మీదే ఉంది, ఇద్దరూ ఆయన్నే చూస్తున్నారు. రెండు రోజులు ఊళ్లకి ఊళ్లని తిట్టిన నోటికి ఒక్క తిట్టు దొరకలేదు. ఆయనకి సిగ్గేసింది. సిగ్గేసినందుకు ఇంకా కోపమొచ్చింది.

మొలతాడు నుంచి తాళంచెవి తెంపుకుని విసవిసా గట్టెక్కాడు. తన తూము మూసేశాడు. బర్నబాసుని పక్కకి నెట్టి, వాడినీ, కాలువనీ, ప్రభుత్వాన్నీ తిడుతూ షట్టరు చక్రం తనే తిప్పాడు. నీళ్లు హోరుమని దిగువకి పడ్డాయి. వంటింటి గోడ మీది కొంగ అప్పుడు లేచి ఆ నీళ్ల వెంటే పోయింది. చెరువులో చేపలు మాత్రం ఆ ఏటికి లేనట్టే.

నీళ్లు మర్నాటికి రేపల్లె చేలకి చేరాయి. కొంత తాలు పోయినా పున్నమ్మ చేను నిలబడింది. దశరథరామయ్య మంచివాడైపోయాడని ఎవరైనా చెబితే నమ్మకండి. మూడు రోజులు తిరక్కుండానే వేపపుల్ల ఉమ్మి మళ్లీ మొదలుపెట్టాడు. గట్టు మీద బర్నబాసుని దులిపేస్తుండగా జేబులో ఫోను ఒక్క రింగు మోగి ఆగింది. ఆయన ఇంటివైపు చూశాడు. వంటింటి గోడవైపు తెల్లటి కొంగ ఒకటి దిగుతోంది.

తిట్టు సగంలో ఆపేసి, అది వాలేలోపే తిరిగి చేశాడు.

"ఏంటో చెప్పు" అన్నాడు.