సరే అన్న ఊరు

"నువ్వు అడిగి ఊకుంటే, ఊరోళ్లు గూడ ఊకుంటరు బిడ్డా. అప్పుడేంది నీ గతి?"

పొద్దున యశోద జడ వేసుకుంటుంటే నేనన్న మాట ఇది. అది నవ్వింది.

"ఊకోనీ అమ్మా. నేను గూడ ఊకుంట."

నాకు నవ్వు రాలేదు. నేను ఏడో తరగతితో ఆగినదాన్ని, మబ్బు పట్టకముందే పిడుగుకు భయపడే రకం. యశోద ఇంటర్ పాసై, భద్రాచలంలో పది రోజులు శిక్షణ తీసుకుని వచ్చింది. ఉద్యోగం పేరు ఫెసిలిటేటర్. ఊళ్లో జనాన్ని కూర్చోబెట్టాలి, అడగాలి, వాళ్లు చెప్పింది రాయాలి. తనంతట తాను ఏదీ తేల్చకూడదు. ఏదీ తేల్చని మనిషిని ఎన్నాళ్లు పనిలో ఉంచుకుంటారని నా దిగులు.

ఆ రోజు తేలబోయేదీ అదే. మా వాగు మీద కొత్త చెక్‌డ్యాం మంజూరైంది. ఎక్కడ కట్టాలో నిర్ణయించే పని హైదరాబాద్ కన్సల్టెంట్‌కు అప్పజెప్పాలా, యశోదను పెట్టుకుని ఊరే తేల్చుకోవాలా అన్నది మేం తీర్మానం చేయాలి. ఆయనైతే రెండు రోజుల్లో ప్లాను చేతిలో పెడతాడు. యశోదతో అయితే నెల పడుతుంది. ఊరు ఆయన వైపు మొగ్గితే, పినపాక మండలంలో తనకిచ్చిన మొదటి ఊళ్లోనే, అదీ సొంత ఊళ్లోనే, నా బిడ్డ ఓడిపోయినట్టు.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. మంచం మీద కూర్చుని మన నీళ్లు తాగిన మనిషిని ముఖం మీద కాదనం. నాలుగేళ్ల కింద మొదటి చెక్‌డ్యాం కోసం ఒక ఇంజనీరు అట్లాగే వచ్చి, నీళ్లు తాగి, గుట్ట కింద జాగా చూపించి "ఇక్కడ కడదామా?" అన్నాడు. ఊరు "సరే సార్" అంది. కట్టారు. మొదటి వానకే వాగు ఒడ్డు కోసుకుని పక్కదారిన పోయింది. ఆ గోడ మీద ఇప్పుడు మేకలు ఎండ కాచుకుంటాయి. ఊరి తరఫున ఆ 'సరే' అన్నది మా అన్న జంపయ్య. ఊరి పెద్ద ఆయనే.

మధ్యాహ్నం బడి వరండాలో కూడాం. కన్సల్టెంట్ రామ్‌చందర్ గారు జీపు దిగారు. నెమ్మదస్తుడే. మంచం వేశారు, దుప్పటి పరిచారు, నీళ్లిచ్చారు. ఇక ఆయన్ని ఎవరూ కాదనరనుకున్నాను. ఆయన ల్యాప్‌టాప్ తెరిచి రంగుల మ్యాపు చూపించారు.

"పైనుంచి తీసిన ఫొటో ఇది. మీ వాగు మొత్తం ఇందులో ఉంది."

"మా మేకలు గూడ కనవడ్తయా సారూ?" అన్నాడు మేకలు కాసే రాంబాబు. అందరితోపాటు ఆయనా నవ్వారు.

తర్వాత యశోద లేచింది. తన గురించి నాలుగు మంచి మాటలు చెప్పుకుంటుందని ఎదురుచూశాను.

"సారు మ్యాపు మంచిగున్నది. వాలెంత, నీళ్లెన్ని వస్తయి అని సారు లెక్క గడ్తరు. నాకు రాదు. నేను మిమ్మల్ని అడుగుత, అంతే."

ఎదుటివాణ్ణి పొగిడి తన కూడు తానే పోగొట్టుకునే పిల్ల ఎక్కడైనా ఉంటుందా?

"ఏందే కోడలా, నీ బేరం నువ్వే చెడగొట్టుకుంటున్నవ్?" అన్నాడు అన్న.

"బేరం సంగతి ఇడ్సిపెట్టు మామా. ఒక్కటడుగుత. పోయినసారి ఆ గుట్ట కింద ఎందుకు ఒప్పుకున్నం?"

నవ్వులు ఆగిపోయాయి. పెద్దమనిషి నోరు విప్పకుండా ఇంకొకరు మాట్లాడరు. అన్న తలగుడ్డ తీసి మోకాలి మీద పెట్టుకుని నేల చూస్తున్నాడు. వెనక నుంచి పక్కింటి శ్యామల నా భుజం గిల్లింది.

"నీ బిడ్డను కూసోమను వదినా. ఏం అడుగుడది?"

ఊరి పెద్దను నలుగురిలో నిలదీసినందుకు ఇక మా ఇంటికి పెళ్లి పిలుపు కూడా రాదనుకున్నాను. "చాయ్ పెట్టనా?" అంటూ లేచాను. యశోద నా వైపు చూడకుండానే చెయ్యి అడ్డం పెట్టింది. కూర్చున్నాను. రామ్‌చందర్ గారు ఏదో అనబోయారు. ఆయన వైపు నెమ్మదిగా చూసింది. ఆయనా ఊరుకున్నారు.

అప్పుడు చూశాను దాన్ని. నేనైతే ఆ మౌనాన్ని ఏదో ఒక మాటతో ఎప్పుడో పూడ్చేసేదాన్ని. ఇరవై ఏళ్ల పిల్ల, కళ్లలో మామ మీద కోపం లేదు. జవాబు ఆయన దగ్గరే ఉందని దానికి తెలుసు. ఆయన తీసి ఇచ్చేదాకా నిలబడటానికే వచ్చినట్టు నిలబడింది. ఈ ఓపిక నా కడుపున ఎట్లా పుట్టింది? నా వెన్ను నాకు తెలియకుండానే నిటారైంది. శ్యామల మళ్లీ గిల్లితే చెయ్యి తోసేశాను.

వరండా నీడ రెండో మెట్టు దాకా పాకింది. అన్న తలెత్తాడు.

"ఆ జాగ కింద అంత ఇసుకే అని నాకు చిన్నప్పటి సంది ఎరుకే బిడ్డా. వచ్చిన మనిషిని కాదనలేక సరే అన్న." మంచం వైపు తిరిగాడు. "సారూ, గుస్సా గావొద్దు. నీళ్ల లెక్క మీరే కట్టాలె, అది మాకు రాదు. జాగ మాత్రం మేమే చూస్కుంటం. మా కోడలు అడుగుతుంటది, మేం చెప్తం. నెల పడితే పట్టనీ."