ప్లంజర్ అనకూడని ఇల్లు

కొట్టంలో మూలపడిన పాత ట్రాక్టరు ఇంజన్‌కు కావలసినవన్నీ దొరికాయి. సిలిండర్ గొట్టం పొరుగువాళ్ల ఆవిరిస్నానాల గదికి పొగగొట్టమై ఉంటే బతిమాలి ఊడదీయించింది సోనున్. పిస్టన్ ఒకటి ఊరి గుమాస్తా బల్ల మీద సిగరెట్ల బూడిద మోస్తూ కనిపించింది. ఒక్కటి మాత్రం నరిన్ లోయ అంతా గాలించినా దొరకలేదు. డీజిల్ పంపు కడుపులో ఉండే వేలెడంత ఉక్కు కడ్డీ అది. కిందికీ పైకీ ఆడుతూ డీజిల్‌ను ఇంజన్‌లోకి బలంగా నెడుతుంది. దాన్ని ప్లంజర్ అంటారు.

సోనున్ మాత్రం అనలేదు. ఆమె మామగారి పేరు ప్లంజర్.

ఆయన తండ్రి ఉమ్మడి పొలంలో ట్రాక్టరు నడిపేవాడు. ఆయన పుట్టిన వసంతంలో ఇదే భాగం కోసం దున్నకం ఆగిపోయింది. భాగమూ బిడ్డా ఒకే రోజు ఊళ్లోకి వచ్చారు. తండ్రి దేన్ని చూసి ఎక్కువ సంబరపడ్డాడో ఇప్పటికీ తేలలేదు, పేరు మాత్రం స్థిరపడిపోయింది. అక్కడ కోడలు మామగారి పేరు పలకకూడదు, అది వస్తువు పేరైనా సరే. భార్య కూడా పలకకూడదు. అందువల్ల అత్తగారు అక్లీమా పెళ్లయినప్పటి నుంచీ ఆయన్ని "ఇదిగో" అనే పిలుస్తోంది.

సోనున్ భర్త కుబత్ గొర్రెలతో కొండ మీది పచ్చికలో ఉన్నాడు, అక్కడ ఫోన్ పలకదు. మామగారు విడిభాగాల కొట్టుకు ఫోన్ చేయొచ్చు, చేయడు. చిన్నప్పుడు బడిపిల్లలు డీజిల్ సీసా పట్టుకుని "తాగు, తాగు" అని వెంటపడ్డారట. అప్పటి నుంచీ ఆ భాగమంటే ఆయనకు గిట్టదు. పైగా గడువొకటి పెట్టాడు.

"శనివారం పాతినుము లారీ వస్తోందమ్మాయ్. ఆలోపు ట్రాక్టరు కూసిందా, ఉంచుకో. లేదా తూకానికి పోతుంది."

ఈ ఇంట్లో సోనున్ పోసే టీ పలచనట, ఆమె పిసికే పిండి గట్టిదట. కొట్టంలో ఇంజన్ పక్కన ఉన్నప్పుడే ఆమె చేతులు ఆమెవి. దాన్ని ఇనుముగా తూచితే తననీ తూచినట్టే ఉంటుందనిపించేది.

ఒకసారి కొట్టంలో ఎవరూ లేనప్పుడు ప్రయత్నించింది. పెదవులు కలిశాయి. "ప్" దాకా వచ్చింది. ఆ అక్షరం వెనక మామగారు తెల్ల ఉన్నిటోపీ పెట్టుకుని, మీసం దువ్వుకుంటూ కూర్చున్నట్టు తోచింది. టక్కున నోరు మూసేసింది. అది భయం కాదు. లోపల ఒకరు కూర్చుని ఉండగా తలుపు తట్టకుండా తోసుకు వెళ్లలేకపోవడం. మరి తన పేరులో ఎవరు కూర్చున్నారు? సోనున్ అనడానికి ఎవరికీ అడ్డు లేదు. అయినా ఈ ఇంట్లో అందరూ "అమ్మాయ్" అనే అంటారు.

రాజధాని బజారులో విడిభాగాలమ్మే తాబల్దికి ఫోన్ చేసింది. ఆ పేరుకు "దొరికింది" అని అర్థం.

"అన్నా, పంపు లోపలుంటుంది. కిందికీ పైకీ ఆడి, గట్టిగా నెడుతుంది."

"పేరు చెప్పు చెల్లెమ్మా."

"పేరు... మా ఇంటి పెద్దాయనది."

"ఓహో! మా నాన్న పేరు ఇనుము. మా ఆవిడ ఇనప్పెనాన్ని నల్లమ్మ అంటుంది. మీ పెద్దాయన ఫిల్టరా?"

"కాదు."

"నాజిలా?"

"ఛీ ఛీ!"

"నాకర్థమైందిలే. పంపేస్తా."

మినీబస్సు డ్రైవరు తెచ్చిన పొట్లంలో గొర్రెలకు సూదిమందు వేసే పెద్ద సిరంజి ఉంది. మళ్లీ చేసి ఇంకా వివరంగా చెప్పింది. ఈసారి కర్ర చివర రబ్బరు గిన్నె వచ్చింది, మురుగు గొట్టం పూడుకుపోతే పొడిచేది. అక్లీమా దాన్ని చూసి ముచ్చటపడి, గుర్రం పాలు చిలకడానికి బాగుంటుందని తోమి పెట్టుకుంది.

శుక్రవారం పెరట్లో నిలబడి సోనున్ ఆఖరిసారిగా ఫోన్ చేసింది. గోడకు అవతల మామగారు టీ తాగుతున్నాడు.

"మాది బాగా అరిగిపోయిందన్నా. ఒకప్పుడు ఎంత గట్టిగా నెట్టేదో! ఇప్పుడు లోపల ఒత్తిడే లేదు. పొద్దున పూటైతే కదలనే కదలదు. కారుతోంది కూడా."

గోడవతల టీ చప్పరింపు ఆగింది.

"బాగుచేయించకూడదూ?"

"ఇంకేం బాగన్నా, దాని పనైపోయింది. తీసేసి కొత్తది పెట్టుకోవాల్సిందే. అత్తయ్య కూడా అదే అంటోంది."

మామగారు గోడ చుట్టూ తిరిగి రావడం సోనున్ ఎప్పుడూ చూసినదే. గోడ మీంచి రావడం ఇదే చూడటం.

"ఎవరికి కారుతోంది? ఆ?" అంటూ ఫోన్ లాక్కున్నాడు. "హలో!"

"ఎవరండీ?"

"ప్లంజర్!"

"ప్లంజరా! ఓరి దేవుడా... అదా మీకు కావలసింది! ఇన్నాళ్లూ చెప్పరేం? ఇంతకీ మాట్లాడేదెవరు?"

"ప్లంజర్ అంటున్నాగా!"

"విన్నాను పెద్దాయనా, ప్లంజర్ కావాలి. మీ పేరేంటి?"

"ప్లంజర్!"

"రెండా, మూడా? మూడుసార్లన్నారు."

"ఒక్కణ్ణే ఉన్నానయ్యా నేను!"

"సరే, ఒక్కటే. మరి పాతదాన్ని పడేశారా?"

"పాతది ఇక్కడే నిలబడి నీతో మాట్లాడుతోంది!"

అక్లీమా తలగుడ్డ చెంగు నోట్లో కుక్కుకుని గుమ్మానికి ఆనుకుంది. అటు నుంచి తాబల్ది గొంతు మెత్తగా వచ్చింది.

"కొత్తవి రావడం మానేశాయి పెద్దాయనా. గ్రీజు కాగితంలో చుట్టింది ఒకటుంది, వాడనిది. కాకపోతే మీ ఈడుది."

"అయితే దానికింకా చాలా దమ్ముంటుంది," అన్నాడు మామగారు కోడలి వంక కొరకొరా చూస్తూ. "పంపించు."

"పొట్లం మీద ఎవరి పేరు రాయను? మళ్లీ ప్లంజరేనా?"

ఆయన మీసం దువ్వుకున్నాడు. "సోనున్ అని రాయి. మా మెకానిక్కు."

సోనున్ వెనక్కి తిరిగి చూసింది, అక్కడ ఇంకెవరైనా ఉన్నారేమోనని.

శనివారం మినీబస్సు వెనకే పాతినుము లారీ కూడా పెరట్లోకి వచ్చింది. లారీ అతను అయిరాన్ మజ్జిగ తాగుతూ, ట్రాక్టరును చూపుతోనే తూచుతూ కూర్చున్నాడు. సోనున్ గ్రీజు కాగితం విప్పి భాగాన్ని బిగించింది. పెద్ద ఇంజన్‌ను లేపే చిన్న పెట్రోలు ఇంజన్ తాడు లాగింది. అది చిటపటలాడింది. పెద్దది దగ్గింది, ఉమ్మింది, నల్లటి పొగ కక్కింది, ఒక్కసారిగా గర్జించింది. కోళ్లు గోడెక్కాయి. లారీ అతని అయిరాన్ అతని చొక్కా మీదికి పోయింది.

మామగారు ఎగిరి సీటు మీద కూర్చున్నాడు. పక్కవాడి మాట పక్కవాడికి వినబడని మోత. ఆ మోతలో సోనున్ పెదవులు కలిపింది.

"ప్లంజర్."

హాయిగా వచ్చేసింది. వెనక ఎవరూ కూర్చుని లేరు. ఇంకోసారి అంది. తల తిప్పితే గుమ్మంలో రబ్బరు గిన్నె కర్ర పట్టుకుని అత్తగారు. ఆమె పెదవులు కూడా కలుస్తున్నాయి, విడుతున్నాయి. మళ్లీ కలుస్తున్నాయి. పెళ్లినాటి నుంచి దాచుకున్నదంతా ఒక్కరోజే వాడేస్తున్నట్టు. కళ్లూ కళ్లూ కలిశాయి. ఇద్దరూ పొట్టలు పట్టుకుని నవ్వారు.

సీటు మీంచి మామగారు చెవి దగ్గర చెయ్యి పెట్టి అరిచాడు. "ఏంటంటున్నారు?"

"ఏం లేదు మామయ్యా," గొంతు చించుకుని అరిచింది సోనున్. "బాగా నెడుతోంది అంటున్నాం!"